కొర్రల గరిసెకు తాళం

ఈ ఏడు, 1947 మార్చి పదో తేదీ, సోమవారం పొద్దున ఒకతను మా ఇంటికి వచ్చి, మా ఎర్రచేను రెండెకరాల డెబ్బై సెంట్లు తనకు అమ్మమని అడిగాడు. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. పటాలం బూట్లు గడప అవతలే విడిచి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే అడిగాడు. ఆ చేను పదహారేళ్ల కిందట అతని తల్లిదండ్రులది.

అది వాళ్ల చేతిలోంచి ఎట్లా పోయిందో మా పేటలో అందరికీ తెలుసు. డోన్‌లో వడ్డీకిచ్చే సేటు దగ్గర అప్పు, ఆ తర్వాత వేలం. వాళ్లు పేట విడిచి పోయిన ఆ నాలుగు రోజుల్లో ఏం జరిగిందో మాత్రం నాకు ఒక్కదానికే తెలుసు. చేను ఎంతకు అమ్మాలో నా కొడుకులు చూసుకుంటారు. ఆ నాలుగు రోజుల సంగతి అతనికి చెప్పాలా వద్దా అన్నది నేను తేల్చుకోవలసిన పని. అరవై రెండేళ్లు వచ్చాయి. తేదీలు తప్పకుండా రాసుకునే అలవాటు నాకు చిన్నప్పటి నుంచి, మిషన్ బడిలో అయిదో తరగతి చదివినప్పటి నుంచి ఉంది. ఆ ఒక్క బుధవారం నాటి పేజీలో మాత్రం నేను ఏమీ రాయలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మజ్జిగ ఇచ్చి, ఇన్నాళ్లూ యాడున్నావు నాయనా అని అడిగాను.

"యుద్ధానికి పోయినా గదా పెద్దమ్మా. బస్రా కాడ మూడేండ్లు. యుద్ధం అయిపోయినంక ఆ పక్కనే నూనె తీసే ఊర్లో పనికి కుదిరినా. ఆడ భూమిలోంచి నూనె వస్తాది. మన దీపాల్లో పోసే కిరసనాయిలు, మోటార్లకు పోసేది, అంతా ఆ జాతిదే."

"మరి పంటలేమి పండిస్తారు?"

"పంటలా? ఇసుక పండుతాది." నవ్వాడు. "ఏటి గట్టున ఖర్జూరం చెట్లుండాయి. ముందు గొర్రెలు మేపుకునేవాళ్లంట. ఇప్పుడు ఎవురిని చూడు, నూనె పనే. గోదుమలు ఓడలో రావల్ల. ఉల్లిగడ్డలు బొంబాయి నుంచి రావల్ల. కింద ఇంకొక ఊరుండాది, దానికి తాగే నీళ్లు కూడా పడవల్లోనే వస్తాయి. ఓడ వచ్చిన దినం ఊరంతా పండగ."

"ఓడ రాకపోతే?"

"ఎందుకు రాదు పెద్దమ్మా? లోకమంతా ఆ నూనె మీదనే నడుస్తాండాది."

"నూనె కొనేవాడు ఇంత ధర ఇవ్వనంటే?"

"ధర వాళ్ల చేతుల్లో ల్యా. కొనేవాళ్లు యాడో దొరల సీమలో కూసోని చెప్తారు. నువ్వేంది, వకీలు అడిగినట్ల అడుగుతాండావు?"

వారం తర్వాత వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. నేను ఆ దేశం చూడలేదు, ఇక చూడను. కాని అతను చెప్పిన ప్రతి మాటా నాకు తెలిసిందే. మేము కూడా పదేళ్లు అట్లాంటి దేశంలోనే బతికాం. మా నూనె భూమి లోపలి నుంచి కాకుండా చెట్టు వేళ్ల నుంచి వచ్చింది, అంతే తేడా.

1901లో నేను ఈ పేటకు కాపురానికి వచ్చినప్పుడు మా చేలల్లో కొర్ర వేసేవాళ్లు. కొర్రలో కంది సాళ్లు, గట్ల మీద ఆముదం, కాస్త లోతు మన్ను ఉన్నచోట జొన్న. ఉప్పు, బట్ట తప్ప డోన్ నుంచి తెచ్చుకునేది ఉండేది కాదు. పెద్ద సుఖపడ్డామని చెప్పను. బట్ట రెండేళ్లకు ఒకటి. వానలు పోయిన ఏడు గడ్డలు తవ్వుకు తిన్నాం. అయినా తిండి గింజ ఇంట్లోనే పుట్టేది.

ఆ తర్వాత వేరుశనగ వచ్చింది. మా వైపు బుడ్డలంటారు. మొదట ఒకరిద్దరు అరెకరం వేసి చూశారు. మా ఎర్రమన్నుకు, మా కొద్దిపాటి వానకు సరిగ్గా సరిపోయింది. డోన్ నుంచి ఒక సాయిబు దలాలి బండ్లు కట్టుకుని పేట ముందుకే వచ్చి, కాయలు తూకం వేసుకుని, అక్కడికక్కడే రూపాయలు ఇచ్చేవాడు. శానా మాటకారి.

"ఈ బుడ్డలు యాడికి పోతాయో తెలుసునా అప్పా? రైల్లో మద్రాసు. మద్రాసులో ఓడ. ఓడ దిగితే ఫ్రాన్సు. దొరసాన్లు ఈ నూనెతో చేసిన సబ్బుతోనే మొగం కడుగుతారు. నువ్వు విత్తేది ఈ చేన్లో, నీ పేరు తలిచేది ఆ దేశంలో."

"నా పేరు ఆమెకెట్ల తెలుస్తాది సాయిబూ?" అని నా భర్త అడిగితే, "పేరు తెలియకున్నా ముఖం మెరుస్తాది గదా, అది సాల్దా?" అన్నాడు.

1926లో నేను సరదాకు లెక్క వేశాను. మా పేటలో ఇరవై మూడు ఇళ్లకు కలిపి అరవై ఒక్క ఎకరాలుంటే, యాభై ఏడు ఎకరాల్లో బుడ్డలే. కొర్ర నాలుగు ఎకరాలకు దిగింది. అదీ ముసలివాళ్లు మొండికేసిన చేలు. నిజం చెప్పాలంటే ఆ ఏళ్లల్లో మేము సంతోషంగా ఉన్నాం. నాలుగు ఇళ్లకు పెంకులు పడ్డాయి. పిల్లలకు చొక్కాలు వచ్చాయి. ఆదివారం వరి అన్నం తిన్నాం. జొన్నలు మైదుకూరు వైపు నుంచి బండ్లలో వస్తే డోన్ సంతలో కొనుక్కునేవాళ్లం. పండించడం కంటే కొనుక్కోవడమే చౌక అని లెక్క వేసి పేటకంతా చెప్పినదాన్ని నేనే. ఆ ఏటి ధరకు ఆ లెక్క తప్పు కాదు.

ఇప్పుడు గరిసె సంగతి చెప్పాలి.

మా ప్రార్థన గుడి వెనక ఒక చిన్న గది ఉండేది. అందులో వెదురుతో అల్లి, పేడ అలికి పెట్టిన గరిసె, మనిషి గొంతు ఎత్తు. దాన్ని పెట్టించింది మా అత్త. డెబ్బై ఏళ్ల కిందటి ధాత కరువునాటికి ఆమెకు ఎనిమిదేళ్లు. నలుగురు తోబుట్టువుల్లో తాను ఒక్కతే మిగిలింది. పేటలో ఆడవాళ్లందరికీ ఆమె ఒక అలవాటు చేసింది. కొర్రలు దంచడానికి రోట్లో పోసే ముందు ఒక గుప్పెడు తీసి విడిగా ఒక ముంతలో వేయాలి. శనివారం ఆ ముంతలన్నీ గరిసెలోకి. అందులో మూడో వంతు గుడిలో వాక్యం చెప్పే ఉపదేశిగారికి. మిగిలింది ఆషాఢం దాకా అట్లాగే ఉంటుంది. ఆషాఢంలో ఎవరింట్లో పొయ్యి వెలగకపోతే వాళ్లు దీపాలు పెట్టే వేళకు వెళ్లి, కావలసింది తెచ్చుకోవచ్చు. తలుపుకు గొళ్లెం కూడా లేదు. అడగనక్కరలేదు, చెప్పనక్కరలేదు. పంట వచ్చాక ఎవరికి వాళ్లే తిరిగి పోస్తారు.

ఇందులో ఇంకొక మర్యాద ఉంది. ఆషాఢంలో ఆ వేళకు గుడి వెనక సందులోకి ఎవరూ పోరు. పిల్లలు పోతే తల్లులు వెనక్కి పిలిచేవాళ్లు. ఎందుకని పిల్లలు అడిగితే, తేళ్లుంటాయని చెప్పేవాళ్లు. ఎవరు తీసుకున్నారో ఎవరికీ తెలియకూడదు. తీసుకున్న మనిషి రేపు పొద్దున నీళ్ల దగ్గర తల ఎత్తుకుని నిలబడాలి.

1912 నుంచి స్త్రీల సమాజం లెక్కలు నా చేతిలో ఉన్నాయి. కొలత లేని గింజ నాకు కంటిలో నలుసులా ఉండేది. అత్తకు తెలియకుండా ప్రతి శనివారం ఒక కర్ర గరిసెలో దించి, ఎంత లోతు ఉందో గుర్తు పెట్టుకుని ఇంటికొచ్చి రాసుకునేదాన్ని. పద్నాలుగేళ్లు రాశాను. ఆ పద్నాలుగేళ్లలో క్రిస్మస్ నాటికి గరిసె నిండకపోవడం రెండేళ్లే జరిగింది, అదీ జానెడు లోపు. ఎవరూ కొలవకపోయినా తీసుకున్నదంతా తిరిగి వచ్చిందని నా పుస్తకమే చెప్పింది. అది చూసి కూడా నేను ఆ పని చేశాను.

1926 డిసెంబరులో సమాజం కూడినప్పుడు ఒకామె అంది: "ఇంట్లో కొర్రలే లేకపోతే గుప్పెడు యాడిది తీసేది అక్కా? సంతలో కొన్న గింజ దేవునికి పెడితే, ఆ డోన్ సేటు తూకంలో కొట్టేసిన దానికి కూడా దేవుడు నన్నే అడుగుతాడు." అందరూ నవ్వారు.

నేను ముందే ఆలోచించి పెట్టుకున్నాను. ప్రతి ఇల్లు పంట కాలంలో నాలుగు పడుల బుడ్డలు ఇవ్వాలి. డోన్‌లో అమ్మి ఆ రూపాయలు పెట్టెలో పెడదాం. అవసరం పడితే ఆ రూపాయలతో గింజ కొనొచ్చు. దుడ్లకు పురుగు పట్టదు, ఎలుక కొట్టదు. ఇద్దరు సంతకం చేస్తేనే పెట్టె తెరవాలి. ఎవరికి ఎంత ఇచ్చామో రాసి ఉంటుంది అని చెప్పాను.

అత్త గోడకు ఆనుకుని వింటూ ఉంది. "దుడ్లకు తాళం వేయల్ల మ్మే. తాళం ఒక మనిషి చేతిలో ఉండల్ల. ఆ మనిషి కాడికి పోయి నోరు తెరిచి అడగల్ల. అడగలేనోళ్ల కోసం గదా ఆ గరిసె పెట్టింది."

"అత్తా, ఇప్పుడు మన పేటలో పస్తులుండేది ఎవరో ఒక్కరి పేరు చెప్పు."

ఆమె అందరి వైపూ చూసింది. చెప్పడానికి ఒక్కరూ లేరు. నిజంగానే ఆ ఏడు ఎవరూ లేరు. నేను గెలిచాను.

గరిసెలో మిగిలిన పదకొండు తూముల కొర్రలు జనవరిలో అమ్మేశాం. వచ్చిన దాంతో గుడికి ఒక గ్యాసు లైటు కొన్నాం. కిరసనాయిలు పోసి, గాలి కొట్టి వెలిగిస్తే పట్టపగలే. మొదటి ఆదివారం ఒకామె, "ఇన్నేండ్లకు నా మొగుని మొగం సరిగ్గా చూస్తాండా. ముందే చూసుంటే ఒప్పుకోకపోదును" అంటే ఉపదేశిగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. లైటు, పెట్టె ఆ వెనక గదిలోనే పెట్టాం గనుక ఆ తలుపుకు గొళ్లెం పెట్టించి తాళం వేశాను. తాళంచెవి నా కొంగున. 1929లో అత్త చనిపోయింది. చనిపోయే ముందు దాని గురించి ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

1930లో పంట మంచిదే. కాయలు పీకి, ఆరబోసి, కుప్పలు వేసి కూర్చున్నాం. దలాలి రావలసిన రోజుకు మూడు వారాలు ఆలస్యంగా, బండ్లు లేకుండా నడిచి వచ్చాడు.

"ఏమప్పా, నన్ను కొట్టినా నాకాడ జవాబు ల్యా. సీమలో కొనేవాడు ల్యా అంట. మద్రాసులో మూటలు అట్లే పడుండాయి. ముందటేడు ఇచ్చిన దాంట్లో మూడో వంతు ఇమ్మన్నాడు సేటు. ఇష్టముంటే ఇయ్యి."

ఇష్టం లేకపోయినా ఇచ్చారు. విత్తనాలకు, ఎరువుకు, తిండికి సేటు దగ్గర ముందే రూపాయలు తీసుకుని ఉన్నారు. నీళ్ల దగ్గర ఆడవాళ్ల మాటలు ఇంకా గుర్తున్నాయి.

"ఫ్రాన్సుకు ఏమయింది వదినా? ఆ దొరసాన్లు మొగం కడిగేది మానేసినారా?"

"మన బుడ్డల సబ్బుకు మొగం నల్లబడిందేమో లే."

ఎక్కడో ఎవరో కొనడం మానేశారు, ఎందుకో మాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. మా కష్టంలో తప్పు లేదు, వానలో తప్పు లేదు, మన్నులో తప్పు లేదు. అయినా మా పొయ్యి ఆరిపోయింది.

1931 వేసవికి రూపాయలు అయిపోయాయి. జూన్‌లో మొదటి వాన కూడా తప్పింది. సంతలో జొన్నలు ఉన్నాయి, కొనడానికి చేతిలో ఏమీ లేదు. అందరూ విత్తనానికి దాచిన బుడ్డలు తినడం మొదలుపెట్టారు. ఉడికించి, వేయించి, నూరి గంజి కాచి. మూడు పూటలా నూనె గింజలు తింటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పిల్లలకు కడుపులు నిలవలేదు. ఒకామె నూనె కారే చేతులు చూపించి, "నన్ను గానుగలో వేస్తే నాలుగు సేర్లు వస్తాది" అంది. ఎవరూ నవ్వలేదు.

జూన్ పదో తేదీ బుధవారం. దీపాలు పెట్టే వేళ. ఇప్పుడు చేను అడుగుతున్న అతని తల్లి మా ఇంటికి వచ్చింది. నాకంటే పదేళ్లు చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. చేతిలో ఖాళీ చేట ఉంది. నేను చేట వైపు చూడడం చూసి, దాన్ని వెనక్కి తిప్పి పట్టుకుంది.

"గుడి వెనక్కి పోయి వచ్చినా అక్కా. తాళం ఉండాది."

"గరిసె ఎప్పుడో తీసేశాం కదా" అన్నాను.

"అవునవును. మతి లేక పోయినా." ఆ సంగతి తెలిసీ పోయింది. అలవాటు కాళ్లలో ఉండి తీసుకుపోయింది, లేదా నన్ను అడగకుండా ఏదైనా దొరుకుతుందేమోనని ఆశ. "పెట్టెలో దుడ్లుండాయంట గదా. రెండు పడుల కొర్రలకైతే సాలు."

ఉన్నాయి. పంతొమ్మిది రూపాయల ఆరణాలు. రెండు పడుల కొర్రలకు అందులో ఒక మూల చాలు. తాళంచెవి నా నడుముకే ఉంది. రెండో సంతకం పెట్టవలసినామె మూడిళ్ల అవతల ఉంది. ఆ క్షణంలో నా మనసులో ఏముందో పదహారేళ్లుగా వెతుకుతున్నాను. దయ లేకపోవడం కాదు. ఒకరికి ఇస్తే ఇరవై రెండిళ్లకూ ఇవ్వాలి, అందరికీ చాలదు, కాబట్టి పద్ధతిగా జరగాలి అనుకున్నాను. నేనే పెట్టిన పద్ధతి నేనే తప్పితే ఎట్లా అనుకున్నాను.

"ఆదివారం సమాజంలో పెడతాను. ఇద్దరం సంతకం చేస్తే తీయొచ్చు" అన్నాను.

"సరేలే అక్కా. ఆదివారమే గదా, ఎంత దూరం."

వెంటనే పోలేదు. అందుకే వచ్చిందని అనిపించకూడదని కాబోలు, గడప మీద కూర్చుని నా కూతురి కాన్పు గురించి అడిగింది. మా కోడిపెట్ట గుడ్లు పెడుతోందా అని అడిగింది. దాని రంగు బాగుందంది. నేను అన్నిటికీ జవాబు చెప్పాను. లోపల కుండలో మా ఇంటి కొర్రలు మూడు పడులు ఉన్నాయి. ఆ మాట నాకు గుర్తు రాలేదని రాయగలిగితే బాగుండును. గుర్తుంది. ఆమె లేచి, చేట చంకలో పెట్టుకుని వెళ్లింది.

శనివారం తెల్లవారి చూస్తే వాళ్ల తలుపుకు ముళ్లకంప కట్టి ఉంది. మొగుడు, పెళ్లాం, ఇద్దరు పిల్లలు నడిచి డోన్ పోయి, అక్కడి నుంచి బేతంచెర్ల రాతి గనులకు పోయారని మధ్యాహ్నం తెలిసింది. అప్పుడు ఈ అబ్బాయికి పన్నెండేళ్లు.

ఆదివారం సమాజంలో నేను చెప్పాను, ఫలానా ఆమె రెండు పడుల కొర్రలకు అడిగింది అని. అందరూ ఒక్క మాటగా ఇవ్వాలన్నారు. అరనిమిషం కూడా పట్టలేదు. ఆ తర్వాత ఎవరో, "వాళ్లు నిన్ననే పోయినారు గదా?" అన్నారు. ఇంకొకామె నా వైపు తిరిగి, "ఎప్పుడు అడిగింది అక్కా?" అంది.

"మొన్న. అంత అవసరమని చెప్పలేదు" అన్నాను.

అది అబద్ధం. నాలుగు రోజులను రెండు చేశాను, ఖాళీ చేటను లేకుండా చేశాను. నా మాట మీద అనుమానపడే అలవాటు మా పేటలో ఎవరికీ లేదు. ఆ రోజే పెట్టె తెరిచి అందరికీ గింజలు కొని పంచాం. పంతొమ్మిది రూపాయలు మూడు వారాలు వచ్చాయి. ఆ మూడు వారాల్లో వానలు కూడా వచ్చాయి. నేను బుధవారం తాళం తీసి ఉంటే వాళ్లు వాన దాకా ఆగేవాళ్లు. ఆగి ఉంటే విత్తేవాళ్లు. విత్తి ఉంటే సేటు ఒక ఏడు గడువు ఇచ్చేవాడు, మిగతా అందరికీ ఇచ్చినట్టే. చేను వదిలి పోయినవాళ్లకు ఎవరూ గడువు ఇవ్వరు.

1933లో ఆ చేను వేలానికి వచ్చింది. ఎనభై అయిదు రూపాయలకు మేము కొన్నాం. నా భర్త వద్దన్నాడు, తోటివాళ్ల చేను మనకెందుకని. ఎవరో ఒకరు కొంటారు, మనం కొంటే పేటలోనే ఉంటుంది అని నేనే ఒప్పించాను. ఆ తర్వాత ధరలు మెల్లగా లేచాయి. పద్నాలుగు పంటలు ఆ చేనులోంచి మా ఇంటికి వచ్చాయి. వాటిలో నా పిల్లల పెళ్లిళ్లు ఉన్నాయి.

అతను చెప్పినట్టే వారానికి వచ్చాడు, మార్చి పదిహేడున. ధర గురించి నా పెద్దకొడుకు గట్టిగా మాట్లాడుతున్నాడు. నువ్వు కాసేపు బయటికి పో అని వాణ్ని పంపించి, తలుపు దగ్గరికి వేశాను. అతణ్ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. చేట సంగతి, పంతొమ్మిది రూపాయల సంగతి, మా కుండలో మూడు పడుల సంగతి, ఆదివారం అబద్ధం. ఏదీ తగ్గించలేదు. చెప్పి, మేము కొన్న ధరకే, ఎనభై అయిదు రూపాయలకే చేను రాసిస్తానన్నాను.

"మా యమ్మ చెప్పింది వేరే" అన్నాడు.

"ఏం చెప్పింది?"

"నడిచి పోతాంటే నేనడిగినా. మా అవ్వ బతికినన్నాళ్లూ గుడి వెనక గింజలుంటాయని చెప్తాండె గదా, పోయి తెచ్చుకుందాం పద, ఎందుకీ నడిచేది అని. మా యమ్మ ఏమన్నదో తెలుసునా? అవి మనకన్నా లేనివాళ్లవి నాయనా, మనం ముట్టకూడదు అన్నె. ఆ మాటతోనే డోన్ దాకా నడిచినా పెద్దమ్మా. గనిలో రాళ్లు మోసేటప్పుడు కూడా, మేము పస్తులుండి కూడా ఒకరిది ముట్టలేదని అందరికీ చెప్పుకుంటాంటి. బస్రాలో కూడా చెప్పినా. మా సుబేదారుకు చెప్పినా."

అతని తల్లి 1938లో జ్వరంతో ఆ గనుల దగ్గరే చనిపోయింది. తాను చేట పట్టుకుని పోయిందన్న సంగతి కొడుకుకు చెప్పకుండానే పోయింది. తలుపుకు తాళం ఉందన్న సంగతి, ఆ తాళం ఎవరి దగ్గర ఉందన్న సంగతి కూడా.

"చనిపోయేదాకా ఒక మాటన్నా అనల్యా నిన్ను. నువ్వెందుకు చెప్పినావు?" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఎవురు అడిగినారు నిన్ను?"

నా బరువు దించుకోవాలని చెప్పాను. అప్పటిదాకా నేను దాన్ని నిజాయితీ అనుకున్నాను. దించుకునేటప్పుడు ఎవరి తల మీద పడుతుందో లెక్క వేయలేదు. అతనికి తల్లి ఇచ్చి పోయిన ఆస్తి అది ఒక్కటే. చేను నేను తిరిగి ఇవ్వగలను, అది ఇవ్వలేను.

తలుపు తీసి, బయట ఉన్న నా కొడుకును అతనే పిలిచాడు. "అన్నా, నువ్వు చెప్పిన ధరే. ఒక్క రూపాయి తగ్గించొద్దు."

"ఎనభై అయిదు" అన్నాను నేను.

"నీ తగ్గింపు నాకొద్దు పెద్దమ్మా." నా వైపు చూడకుండానే అన్నాడు.

మే అయిదో తేదీ డోన్‌లో రిజిస్టరు అయింది. ఈనాటి ధరకు, నాలుగు వందల యాభైకి. నా కొడుకులకు సంతోషం. అందులో ఎనభై అయిదు పోగా మిగిలింది మాది కాదని నేను రెండుసార్లు చెప్పాను. అమ్మకు వయసు వచ్చిందన్నారు.

జూన్ చివర్లో వాన పడ్డాక అతను విత్తుతున్నాడని విని ఆ చేను దగ్గరికి పోయాను. గట్టు మీద నిలబడి చూశాను. రెండెకరాల డెబ్బై సెంట్లు, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, బుడ్డలే. కూలి ఆడవాళ్లు గొర్రు వెనక వరసగా పోతూ విత్తనం వదులుతున్నారు.

నోరు ఊరుకోలేదు. "ఒక ఎకరం కొర్ర వేసుకోరాదా నాయనా? ఇంటికి ఉంటాది" అన్నాను.

"కొర్ర యాడ అమ్మేది పెద్దమ్మా?" ఎద్దులను ఆపి, చెమట తుడుచుకున్నాడు. "బుడ్డలకు ఇప్పుడు మంచి ధర ఉండాది. యుద్ధం అయిపోయినంక ఓడలు మళ్లీ తిరుగుతాండాయి. గింజ కావాలంటే కొనుక్కుంటాం."

ఆ నూనె ఊరి మాట గుర్తు చేద్దామనుకున్నాను. అక్కడ ఉల్లిగడ్డ కూడా ఓడలో రావాలని చెప్పినవాడు ఇతనే. కాని గింజ కొనుక్కోవడమే చౌక అని ఈ పేటకు మొదట లెక్క వేసి చెప్పినదాన్ని నేను. అతని తల్లి వచ్చి నిలబడిన రోజున పద్ధతి మాట్లాడినదాన్ని నేను. ఈ చేను మీద ఏం విత్తాలో చెప్పడానికి పేటలో ఎవరికైనా నోరుంటే ఉండవచ్చు, నాకు లేదు.

అతను గొర్రు మళ్లించి, అవతలి గట్టు వైపు తిరిగాడు. తిరిగి చూస్తే నేను ఇంకా అక్కడే ఉన్నాను.

"ఎండ శానా ఉండాది పెద్దమ్మా" అన్నాడు. "ఇంటికి పో."

వచ్చేశాను.